ఆపరేషన్ కోనాం

"దొంగ వెళ్తూ వెళ్తూ ఫ్రిజ్ తలుపు మూసి మరీ వెళ్ళాడు," అన్నాడు చీఫ్ జగన్నాధం. "కరెంటు వృథా కాకూడదనుకున్నాడు కాబోలు."

ఎవరూ నవ్వలేదు. రాజాం బజారులో ధాన్యం కొట్టు పైన ఉన్న ఆ గదిలో పొద్దుటి నుంచీ నవ్వన్నదే లేదు. కింద బోర్డు మీద 'ధాన్యము కొనబడును' అని ఉంటుంది. పైన రహస్య భద్రతా విభాగం ఉత్తర కోస్తా శాఖ ఉంటుంది. ఈ సంగతి కింద బస్తాలు మోసేవాళ్ళకి తెలియదు. పైవాళ్ళకి మాత్రం కింది వ్యాపారం సంగతి బాగా తెలుసు. ఊక ధూళికి రోజంతా తుమ్ముతూనే ఉంటారు మరి.

హేమ కిటికీకీ తలుపుకీ మధ్య తిరుగుతోంది. శాఖ రికార్డుల్లో ఏజెంట్ ఎన్-7. కలింగపట్నం గంగపుత్రుల పిల్ల. గురి తప్పదు, మాట తప్పదు, కుదురుగా కూర్చోవడం మాత్రం చేతకాదు.

"కాలు కాలిన పిల్లిలా తిరక్కమ్మా, నాకు కళ్ళు తిరుగుతున్నాయి," అన్నాడు చీఫ్. "ఇదిగో, ఈవిడ డాక్టర్ పద్మకుమారి. శృంగవరపుకోట మనిషి. ఇక్కడే ఊరి చివర చిన్న ల్యాబ్ నడుపుతున్నారు. కట్లపాము విషానికి విరుగుడు కనిపెట్టారు. ఒక ప్రోటీన్. రాత్రి దాన్ని ఎత్తుకుపోయారు. మిగిలిన సీసాలు పగలగొట్టి, ఒక్కటే పట్టుకెళ్ళారు."

హేమ ఆగింది. కట్లపాము అన్న మాట వింటే ఆమె ఎక్కడున్నా ఆగుతుంది. ఆమె అప్ప, అంటే అక్క, అనిత నేల మీద చాప వేసుకుని పడుకుని ఆ పాము కాటుకే పోయింది. ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చారు గానీ, ఈ ప్రాంతపు పాముకి అది సరిగ్గా పనిచెయ్యలేదన్నారు. ఇన్నేళ్ళయినా హేమకి ఆ దుఃఖం తగ్గలేదు, ఆ కోపమూ తగ్గలేదు.

"ఎవరి పని?"

"హెలిక్స్," అన్నాడు గోడకి ఆనుకుని నిలబడ్డ మోహనకృష్ణ, నల్ల కళ్ళద్దాలు తీస్తూ.

శాఖలో అందగాడు ఎవరంటే ప్యూను కూడా తడుముకోకుండా చెప్పే పేరు మోహనకృష్ణ. ఊక ధూళిని సైతం ఓడించే సెంటు కొడతాడు. బయోకెమిస్ట్రీ చదివాడు. హెలిక్స్ అనే విదేశీ ముఠాలో వాళ్ళ మనిషిగా నటిస్తూ శాఖకి వార్తలు మోసే డబుల్ ఏజెంట్. రెండేళ్ళుగా హేమకి పార్ట్‌నర్. అతను పక్కన ఉంటే ఆమె కాస్త తక్కువ తిరుగుతుందని ఆఫీసులో చెవులు కొరుక్కునేవారు.

"బ్రాంట్ అని హెలిక్స్ బాస్," అన్నాడతను. "సీసా చేతికొస్తే ప్రోటీన్ ఆకారం చదివేసి, పేటెంట్ ముందే వేసేస్తాడు. తర్వాత ఆ మందు అతను చెప్పిన ధరకే కొనాలి. లేదా అసలు తయారే చెయ్యడు. అతనిదే ఇంకో ఖరీదైన మందు మార్కెట్లో ఉంది."

"సీసా ఎక్కడ?"

"చేప నోట్లో. మందుల పెట్టె అంటే దారిలో పదిమంది విప్పి చూస్తారు. చేపల పెట్టె వాసనకి ఎవరూ దగ్గరికి రారు. ఒక కోనాం చేప నోట్లో వేలెడు స్టీలు గొట్టం, అందులో సీసా. నీలం తాడు కట్టిన పెట్టె. మధ్యాహ్నం శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లో ఎక్స్‌ప్రెస్‌కి ఎక్కిస్తారు. బ్రాంట్ అదే రైల్లో వస్తున్నాడు. దిగి, టెస్ట్ చేసి, తీసుకుని ఎక్కేస్తాడు. ధనరాజు అని వాళ్ళ లోకల్ మనిషి పెట్టెకి కాపలా ఉండటానికి ఒక చేపలామె కావాలన్నాడు. నువ్వే ఆ చేపలామెవి. బ్రాంట్ గొట్టం బయటికి తియ్యగానే సిగ్నల్ ఇవ్వు, మఫ్టీ పోలీసులు పట్టుకుంటారు. ఈలోగా డాక్టర్ గారి రక్షణ నేను చూసుకుంటా."

ప్లాన్ నున్నగా ఉంది. హేమ పద్మకుమారి ఎదురుగా వెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది.

"డాక్టరమ్మా, నేను దాన్ని వెనక్కి తేవాలి. ఏం చేస్తే పాడవుతుందో చెప్పండి."

పద్మకుమారి ఎర్రబడ్డ కళ్ళు తుడుచుకుంది. పాఠం చెప్పమంటే ఆవిడకి ప్రాణం లేచొస్తుంది.

"ప్రోటీన్ అంటే పొడవాటి గొలుసమ్మా. ఎమైనో ఆమ్లాలు ఒకదానికొకటి గట్టి బంధంతో కట్టుకుని ఉంటాయి. దాన్ని పెప్టైడ్ బంధం అంటాం. అది ఊరికే తెగదు. కానీ గొలుసు గొలుసుగా ఉంటే ఎందుకూ పనికిరాదు. మడతలు పడాలి. ఆ మడతల్ని పట్టుకునేవి చిన్న చిన్న హైడ్రోజన్ బంధాలు. ఒక్కొక్కటీ ఎంత బలహీనమో! వందలు కలిస్తేనే బలం. ఆ మడతల ఆకారంతోనే విషాన్ని పట్టుకుంటుంది. తలపాగా చూడు. గుడ్డ అదే, చుట్టు విడితే తలపాగా పోతుంది."

"చుట్టు ఎలా విడుతుంది?"

"వేడి తగలకూడదు. కోడిగుడ్డు ఉడికితే మళ్ళీ పచ్చిదవుతుందా? అలాగే గడ్డ కట్టకూడదు కూడా. ప్రోటీన్ చుట్టూ ఉన్న నీరే దానికి ఆసరా. ఆ నీరు గడ్డకడితే ఆసరా తప్పి, మడతలు విప్పుకుని, ఒకదాన్నొకటి పట్టుకుని ఉండకడతాయి. కొన్ని ప్రోటీన్లు తట్టుకుంటాయి. నాది సుకుమారం, తట్టుకోలేదు. చల్లగా ఉండాలి, గడ్డకట్టకూడదు."

"కరిగే ఐసు సున్నా డిగ్రీలు దాటి కిందికి పోదు," అన్నాడు మోహనకృష్ణ ధీమాగా. "హెలిక్స్ వాళ్ళు అందుకే ఐసు ఎంచుకున్నారు. మనకీ మంచిదే."

"పాడైతే మళ్ళీ చెయ్యగలరా?"

"చెయ్యగలను, కానీ వానలు పోయి చలి వచ్చేదాకా పడుతుంది. కాయితం మీద కూడా లేదమ్మా అసలు పద్ధతి. ఇక్కడుంది," అంటూ పద్మకుమారి కణత మీద వేలు పెట్టుకుంది.

*

శ్రీకాకుళం వెళ్ళాలన్నా ఆమదాలవలస వెళ్ళాలన్నా ఆ స్టేషన్లోనే దిగాలి. ఊరేమో ఆమదాలవలసది, పేరేమో శ్రీకాకుళానిది. అక్కడ వేషం వేసుకుని కూర్చోవడంలో ఒక న్యాయం ఉందనుకుంది హేమ.

ప్లాట్‌ఫాం చివర చేపల పెట్టెలు బారులు తీరి ఉన్నాయి. వాటి మధ్య చీరలు ఎగ్గట్టిన ఆడవాళ్ళు చేపల మీద ఐసు ముక్కలు పరుస్తున్నారు. హేమ నీలం తాడు పెట్టె పక్కన చతికిలబడింది. ముక్కుపుడకలో మైకు, తట్ట అడుగున పిస్తోలు.

"ఎవులు గుంటవే నువ్వు?" అంది పక్క పెట్టెల పెద్దావిడ. ఆమె పేరు దేముడమ్మ. ఆ వరసకంతటికీ ఆమె మాటే మాట.

"కలింగపట్నం తాతమ్మ కూతుర్ని పిన్నీ. ఈ పెట్టి సేటుది. కాపలా కూకోమన్నాడు."

"తాతమ్మ కూతురివేటి! మరి అలగ ముళ్ళ మీద కూకున్నట్టు కదుల్తావేటే? కుదురుగా కూకో."

హేమ కుదురుగా కూర్చోడానికి ప్రయత్నించింది. వల్లకాలేదు. మఫ్టీ పోలీసులు ఎక్కడ? పేపరు చదివేవాడు లేడు. టీ అమ్మేవాడు నిజంగానే టీ అమ్ముతున్నాడు.

అప్పుడొచ్చాడు, డాక్టరమ్మకి కాపలా ఉండాల్సిన మోహనకృష్ణ. తెల్ల పంచె, బంగారు గొలుసు, పక్కా కలకత్తా చేపల సేటు వేషం. పెట్టెలు చూస్తున్నట్టు వంగాడు.

"మావయ్యకి జ్వరం తగ్గిందా?"

"తగ్గింది. పథ్యం నడుస్తోంది," అంది హేమ. కోడ్ సరిపోయింది.

"బ్రాంట్ మనుషుల దగ్గర స్కానర్ ఉంది. మైకూ పిస్తోలూ నాకిచ్చెయ్, నేను దాస్తాను."

రెండేళ్ళ నమ్మకం. ఇచ్చేసింది. అతను వాటిని జేబులో వేసుకుని, పక్కనున్న సిమెంటు బెంచీ మీద కాలు మీద కాలు వేసుకు కూర్చున్నాడు. తర్వాత ఫోను తెర ఆమె వైపు తిప్పాడు. తెర మీద ఒక వ్యాను లోపల, నోటికి గుడ్డ కట్టి, పద్మకుమారి.

"అరవకు హేమా. వ్యాను స్టేషను బయటే ఉంది. ధనరాజు నా ఫోను కోసం చూస్తున్నాడు. పోలీసుల్ని విజయనగరం స్టేషనుకి పంపించాను. పాపం, అక్కడ బుద్ధిగా కాపలా కాస్తున్నారు."

హేమకి కోపం తర్వాత వచ్చింది. ముందు సిగ్గేసింది. ఇతని పక్కనా తను నెమ్మదిగా కూర్చున్నది!

"నన్నెందుకు ఇక్కడ కూర్చోబెట్టావు?"

"దూరంగా ఉంచితే నువ్వేం చేస్తావో ఎవరికీ తెలియదు. కళ్ళ ముందుంటే తెలుస్తుంది."

"డాక్టరమ్మని వదిలెయ్. సీసా మీ దగ్గరే ఉంది కదా."

"అదే కదా చిక్కు," అన్నాడు మోహనకృష్ణ నిజంగా బాధపడుతున్నట్టు. "ఆవిడుంటే రేపు కోర్టుకెళ్ళి ఆ మందు నాదే అంటుంది. టెస్టులో పచ్చదీపం వెలిగి, సీసా బ్రాంట్ చేతిలో పడిన మరుక్షణం ఆవిడతో మాకు పని తీరిపోతుంది. నువ్వు బుద్ధిగా ఉంటే నీ సంగతి తర్వాత మాట్లాడుకుందాం."

స్టేషను మైకులో గణగణ గంట మోగింది. ఎదురుగా గూడ్సు వస్తున్నందున ఎక్స్‌ప్రెస్ ఆలస్యంగా వస్తుందట. ప్లాట్‌ఫాం అంతా విసుక్కుంది. మోహనకృష్ణ వాచీ చూసుకున్నాడు.

హేమ తల వంచుకుని ఆలోచించింది. సీసా బతికి ఉంటే డాక్టరమ్మ చస్తుంది. సీసా చస్తే? అప్పుడు ఆ మందు ఆవిడ బుర్రలో తప్ప భూమ్మీద ఎక్కడా ఉండదు. అప్పుడు ఆవిడ మీద ఈగ వాలనివ్వరు. కాపాడమని తనని పంపిన దాన్నే చంపాలి. తన అప్పని మింగిన విషానికి దొరక్క దొరక్క దొరికిన విరుగుడిని, తన చేత్తో. చేతిలో పిస్తోలు లేదు, సూది కూడా లేదు.

"ఓలే పిల్లా!" అంది దేముడమ్మ. "బండి ఇప్పుడప్పుడే రాదు. నీ పెట్టిలో ఐసు కరిగిపోతన్నాది. మూత తియ్యి."

మోహనకృష్ణ చెయ్యి జేబులోకి వెళ్ళింది. హేమ అతని వైపు చూసింది. అతను పెట్టె కింద కారుతున్న నీళ్ళు చూశాడు. ఎండ మండిపోతోంది. ఐసు పూర్తిగా కరిగితే వేడికి సరుకు పోతుందని అతనికీ తెలుసు.

"ఐసు వెయ్యి," అన్నాడు సేటు గొంతుతో. "చేపల్ని కదపకు."

దేముడమ్మ తట్టెడు ఐసు ముక్కలు కుమ్మరించింది. వెంటనే పక్క బస్తాలోంచి రెండు చేతులా రాతి ఉప్పు తీసి ఐసు మీద చల్లింది. ఆ వరసలో ప్రతి పెట్టె దగ్గరా అదే జరుగుతోంది. దూరం వెళ్ళే పెట్టె మీద ఉప్పు చల్లకుండా మూత వెయ్యడం ఆ తీరంలో ఏ ఆడదానికీ తెలియదు.

హేమ ఆ ఉప్పు వైపే చూసింది. చిన్నప్పుడు అనితా తనూ రేవులో గ్లాసుడు పంచదార నీళ్ళు ఈ ఉప్పు ఐసులోనే పాతిపెట్టేవారు. అమ్మ తాతమ్మ బేరాలు ముగించేలోగా నీళ్ళు రాయిలా గట్టిపడేవి. అందులో పుల్ల గుచ్చుకుని అప్ప ముందు నాకి, తర్వాత చెల్లికిచ్చేది. ఉప్పు పడ్డ ఐసు సున్నా దగ్గర ఆగదు. ఇంకా ఇంకా కిందికి దిగిపోతుంది.

"ఉప్పెందుకు?" అన్నాడు మోహనకృష్ణ.

దేముడమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఎందుకేటి బాబూ! ఉప్పు పడకపోతే చేప గట్టిపడతాదేటి? నువ్వు సేటువి కాదేటి? మీ కలకత్తాలో ఎయ్యరేటి?"

చుట్టూ ఆడవాళ్ళు తిరిగి చూశారు. ఒకామె కిసుక్కున నవ్వింది. ఉప్పు సంగతి తెలియని చేపల సేటు ఎక్కడైనా ఉంటాడా! మోహనకృష్ణ మొహాన సేటు నవ్వు పులుముకుని, ఎందుకెయ్యరూ అన్నట్టు తలాడించాడు. గట్టిపడటం అంటే కుళ్ళకుండా ఉండటమే అనుకున్నాడు కాబోలు. వేషం పోకూడదని పాఠం మరిచిపోయాడు.

"ఇంకొంచెం ఎయ్యనా పిన్నీ?" అంది హేమ.

"ఏసెయ్యి. బేగి ఏసెయ్యి."

హేమ వేసింది. కోనాం చుట్టూ, మొప్పల దగ్గర, నోటి దగ్గర గుప్పిళ్ళతో కూరింది. మూత పెట్టి, నీలం తాడు బిగించి, దాని మీద చెయ్యి వేసి కూర్చుంది. నన్ను తిట్టకే అప్పా, అనుకుంది. కళ్ళంట నీళ్ళు కారాయి. ఐసు తడి అనుకుని ఎవరూ పట్టించుకోలేదు.

మైకు మళ్ళీ మోగింది. బండి మరికాస్త ఆలస్యం. బండి ఆలస్యమైనందుకు ఆ ప్లాట్‌ఫాం మీద దేవుడికి దణ్ణం పెట్టుకున్న మనిషి హేమ ఒక్కతే. అరచేతి కింద పెట్టె మూత కొరికేసేంత చల్లగా మారుతోంది. ఆమె జీవితంలో మొదటిసారి కదలకుండా కూర్చుంది. అది చూసి మోహనకృష్ణకి అనుమానం రావాల్సింది. రాలేదు.

*

రైలొచ్చింది. ఏసీ బోగీలోంచి పొడుగాటి తెల్లమనిషి దిగాడు. చేతిలో కెమెరా సంచి. బ్రాంట్.

మోహనకృష్ణ తాడు విప్పి, కోనాంని బయటికి లాగాడు. చేప కర్రలా బిగుసుకుపోయి ఉంది. దాని నోరు తెరవడానికి అతను రెండు చేతులూ వాడాల్సి వచ్చింది. అతని మొహంలో రంగు అప్పుడే మారింది.

బ్రాంట్ గొట్టం విప్పి సీసా తీశాడు. లోపల మందు లేదు, తెల్లటి గడ్డ ఉంది. గుప్పిట్లో పట్టుకుని, నోటి ఆవిరి ఊది కరిగించాడు. చుక్క తీసి సంచిలోని చిన్న యంత్రంలో వేశాడు. ప్రోటీన్ ఆకారం సరిగా ఉంటే పచ్చదీపం వెలగాలి. ఎర్రదీపం వెలిగింది. మళ్ళీ వేశాడు. మళ్ళీ ఎర్రదే.

"చచ్చింది," అన్నాడు ఇంగ్లీషులో. "నాకు శవాన్ని అమ్ముతున్నావా?"

"ఐసులో... కరిగే ఐసులో గడ్డకట్టడం అసాధ్యం..." మోహనకృష్ణ నత్తిగా అన్నాడు.

"డాక్టరెక్కడ? ప్రాణంతో ఉందా?"

"ఉంది."

"అయితే ఆమెని నాతో పంపు. వెంట్రుక కూడా వంకర పోకూడదు. త్వరగా!"

హేమ గట్టిగా ఊపిరి వదిలింది. లెక్క తప్పలేదు. మోహనకృష్ణ ఫోన్లో అరిచాడు. ధనరాజు జబ్బుమనిషిని నడిపిస్తున్నట్టు పద్మకుమారికి శాలువా కప్పి తీసుకొచ్చాడు. ఇంజిను కూత వేసింది. బండి ఒక కుదుపు కుదిపి కదిలింది. ఇంకో నాలుగు అడుగులు వేస్తే పద్మకుమారి బోగీలో ఉంటుంది. హేమ లేవబోయింది. మోహనకృష్ణ జేబులోంచి పిస్తోలు గొట్టం ఆమె వైపు తిరిగింది.

సరిగ్గా అప్పుడు బ్రాంట్, పట్టలేని కోపంతో, ఎదురుగా పడున్న కోనాంని బూటుకాలితో తన్నాడు. చేప జారుకుంటూ వెళ్ళి దేముడమ్మ పాదాల దగ్గర ఆగింది.

ప్లాట్‌ఫాం చివర గాలి కూడా ఆగింది. బూటో చెప్పో వేసుకుని పడవే ఎక్కరు వాళ్ళు. చేప అంటే గంగమ్మ పెట్టిన కూడు.

"గంగమ్మని తంతావేటిరా!" అని లేచింది దేముడమ్మ. "కూడు మీద కాలేస్తావేటిరా, సచ్చినోడా! సూస్తన్నారేటే మీరంతా?"

ఒక్కొక్కర్తీ విడివిడిగా అయితే ఏం చేసేదో చెప్పలేం. అంతా కలిసి లేచారు. తట్టలు, ఐసు కొట్టే కర్రలు, తడి గోనెలు. ధనరాజు మొహాన పెద్ద మాగచేప తగిలింది. వాడు పద్మకుమారి చెయ్యి వదిలేశాడు. మోహనకృష్ణ అటు చూశాడు. ఆ ఒక్క చూపు చాలు. హేమ గుప్పిట్లో మిగిలిన రాతి ఉప్పు అతని అందమైన కళ్ళ నిండా పడింది. పిస్తోలు పట్టాల మీద పడింది, అతను చేపల మీద పడ్డాడు.

బ్రాంట్ కదులుతున్న బోగీ కడ్డీ అందుకున్నాడు. కాలు మెట్టు మీద పెట్టాడు. దేముడమ్మ అతని చొక్కా కాలరు అందుకుంది. వలలు లాగిన చెయ్యి అది. ఎక్స్‌ప్రెస్ వెళ్ళిపోయింది, బ్రాంట్ ఉండిపోయాడు.

*

సాయంత్రం స్టేషను గదిలో పద్మకుమారి సీసాని వెలుతురుకి ఎత్తి చూసింది. తేట నీళ్ళలా ఉండాల్సిన మందులో తెల్లటి పీచులు తేలుతున్నాయి.

"నేనే చంపాను డాక్టరమ్మా," అంది హేమ. "మా అప్ప కట్లపాము కాటుకే పోయింది. ఆమెకి దొరకలేదు. దొరికినదాన్ని నేనే..."

పద్మకుమారి సీసా బల్ల మీద పెట్టి, హేమని దగ్గరికి తీసుకుంది.

"గొలుసు తెగలేదమ్మా, మడత పోయింది, అంతే. చలికాలానికి మళ్ళీ మడతపెడతాను. చెయ్యడానికి నేను మిగిలాను కదా! మొదటి సీసా మీ కలింగపట్నం ఆసుపత్రికే వెళ్తుంది. నేనే తీసుకెళ్తాను."

హేమ చిన్నపిల్లలా వెక్కి వెక్కి ఏడ్చింది. చాలా ఏళ్ళ తర్వాత ఆ ఏడుపులో బాధ కొంచెం తక్కువగా ఉంది.

చీఫ్ జగన్నాధం ఫోన్లో రెండే మాటలు చెప్పాడు. ఒకటి శెభాష్. రెండు, ఇకమీదట సెంటు కొట్టే వాళ్ళని శాఖలో చేర్చుకోరాదని ఆర్డరు వేశానని.

బ్రాంట్, మోహనకృష్ణ, ధనరాజు జైలుకి వెళ్ళారు. కోనాం మాత్రం కేసులో ముఖ్య సాక్ష్యం కాబట్టి పోలీసు గదిలోనే సీలు వేసి ఉంచారు. వారం తిరక్కముందే ఆ గదిలో పనిచేసే సిబ్బంది అందరూ సంతకాలు పెట్టి, దేశభద్రత దృష్ట్యా ఈ కేసుని వెంటనే తేల్చాలని పై అధికారులకి విన్నవించుకున్నారు.